అభినివేశం

పతంజలి యోగసూత్రాలు చెప్పే పంచ క్లేశాలలో చివరిది. అవిద్య, అస్మిత, రాగం, ద్వేషాల తర్వాత వస్తుంది (2.3). ప్రాణం మీది తీపి, దాన్ని అంటిపెట్టుకున్న మరణభయం అని వ్యాఖ్యాతలు సాధారణంగా వివరిస్తారు. అది తనంతట తానుగా సాగుతుందనీ, విద్వాంసుణ్ణీ వదలదనీ సూత్రం (2.9) చెప్పి ఊరుకుంటుంది. చావు ప్రస్తావన తెచ్చింది వ్యాసభాష్యం.

అప్పుడే పుట్టిన పురుగుకూ ఈ భయం ఉంటుందని భాష్యకారుడి పరిశీలన. చావును ఎన్నడూ ఎరగని ప్రాణికి ఆ బెదురు ఎక్కడిది? పూర్వజన్మలో పడ్డ మరణవేదన వాసనగా మిగిలిందని ఆయన సమాధానం. పునర్జన్మను ఒప్పుకోనివారికి ఈ తర్కం చెల్లదు గానీ, పరిశీలన చెల్లుతుంది.

సూత్రకారుడే వ్యాకరణ మహాభాష్యకర్త అన్న సంప్రదాయాన్ని బట్టి కొందరు యోగసూత్రాలను క్రీ.పూ. 2వ శతాబ్దంలో పెడతారు. సూత్రాలూ భాష్యమూ ఒకే చేతి రచన అనీ, కాలం సుమారు క్రీ.శ. 325–425 అనీ పరిశోధకుడు ఫిలిప్ మాస్ ప్రతిపాదన. ఏకకర్తృత్వం మాట ఎలా ఉన్నా, కాలం విషయంలో రెండోదే ఎక్కువ సమంజసంగా తోస్తుంది.

నివారణ రెండు అంచెల్లో ఉంది. తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరప్రణిధానం క్లేశాలను పలుచన చేస్తాయి (2.1–2), పైకి తేలిన వృత్తులను ధ్యానం అణచుతుంది (2.11). బట్టకంటిన దుమ్ము దులిపితే పోతుంది, లోపలికి ఇంకిన మురికికి ఉపాయం, శ్రమ కావాలని భాష్యం పోలిక. క్లేశాల ఆ లోపలి అంశం చిత్తం తన మూలంలో లయమైనప్పుడే పోతుంది (2.10). అంటే భయాన్ని ఒక్క దెబ్బతో జయించడం ఈ శాస్త్రం చెప్పే మాట కాదు.

చిత్తవిక్షేపాల వెంట వచ్చేవాటిలో ఒళ్లు వణకడం, శ్వాస క్రమం తప్పడం ఉన్నాయి (1.31). భయపడ్డవాడి ఒంట్లో కనిపించేవీ ఇవే. మనసు నిలకడకు చెప్పిన ఉపాయాలలో ఊపిరిని బయటికి వదిలి నిలపడం ఒకటి (1.34). ఫలానా ఆసనంతో భయం పోతుందనే జాబితాలకు మాత్రం ఇక్కడ ఆధారం లేదు, ఆసనంపై ఉన్నవి మూడే సూత్రాలు (2.46–48), వాటిలో ఏ ఆసనం పేరూ కనబడదు. హఠయోగప్రదీపిక సైతం శవాసనానికి చెప్పిన ఫలం అలసట తీరడం, చిత్తవిశ్రాంతి (1.32).

మరణభయాన్ని ఎదుర్కొన్న ఉదంతంగా తరచు ఉదహరించేది రమణ మహర్షి అనుభవం. 1896 జూలై నడుమ, మధురైలో పినతండ్రి ఇంట్లో, తర్వాత మహర్షి అయిన పదహారేళ్ల వేంకటరామన్‌ను హఠాత్తుగా చావుభయం ఆవరించింది. శవంలా పడుకుని, కాళ్లూ చేతులూ బిగించి, ఊపిరి బిగబట్టి, చచ్చేదెవరని విచారించాడు. ప్రసిద్ధమైన ఉత్తమపురుష కథనం బి.వి. నరసింహస్వామి 1931 నాటి గ్రంథంలోది. అది యథాతథ వాక్కు కాదని ఆయనే సూచించాడు. ఊపిరి బిగబట్టడం ఇక్కడ ప్రాణాయామసాధన కాదు కనుక, ఈ ఉదంతాన్ని పాతంజల మార్గానికి కాక ఆత్మవిచార మార్గానికి చేర్చడమే ఉచితం.