జొన్న వెంట నడిచిన చదువు

మంత్రాలయం దాటి కోసిగి, ఆదోని వైపు నల్లరేగడి పొలాల్లో జొన్నకు రెండు కాలాలు. తొలకరితో వేసేది ముంగారి. వానలు వెనకపట్టాక, నేలలో మిగిలిన పదును మీద వేసేది హింగారి. హింగారి విత్తడం చూసేవాళ్లకు తేలికే గానీ, చేసేవాళ్లకు చాలా లెక్క ఉన్న పని. ఎద్దులు గొర్రు లాగుతుంటే వెనక నడిచే ఆడమనిషి పిడికిలి సందులోంచి గింజల్ని జడ్డిగం అనే గిన్నెలోకి ఒకే తూగున వదులుతూ పోతుంది. గింజ పైమట్టిలోనే ఆగిపోతే మొలవదు. ఎండిన పొర దాటి, అడుగున చల్లదనానికి తగలాలి. ఆ తర్వాత చుక్క పడినా పడకపోయినా పైరు ఆ అడుగు తేమతోనే బతకాలి. గింజ మనుషులకు, చొప్ప ఎద్దులకు.

ఇలాంటి పొలాలకూ అమెరికా నడిబొడ్డున కాన్సాస్ రాష్ట్రంలో ఉన్న ఒక విశ్వవిద్యాలయానికీ డెబ్బై ఏళ్ల సంబంధం ఉంది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం పుట్టుక ఆ సంబంధంలోంచి వచ్చిందే. విదేశీ విశ్వవిద్యాలయాలతో ఒప్పందాలంటే ఇవాళ మనకు ఫొటోలు, శాలువాలు గుర్తొస్తాయి. ఈ ఒప్పందం మాత్రం పాఠం చెప్పే పద్ధతిని, పరీక్ష పెట్టే పద్ధతిని, విత్తనం తయారయ్యే పద్ధతిని మార్చేసింది. అందుకే దీని కథ మొదటి నుంచీ తెలియాలి.

మొదలు మాత్రం కరువులోనే ఉంది. 1876-78 కరువు మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు జిల్లాలను తుడిచిపెట్టినంత పని చేసింది. మంత్రాలయం ఉన్న ఆదోని తాలూకా అప్పుడు బళ్లారి జిల్లాలోది. ఆ చావుల తర్వాత వేసిన కరువు కమిషన్ 1880లో నివేదిక ఇస్తూ, సేద్యం కోసం ప్రభుత్వంలో ప్రత్యేక శాఖలు ఉండాలంది. శాఖలు వచ్చాయి. మెల్లగా ప్రయోగ క్షేత్రాలూ వచ్చాయి. నంద్యాల క్షేత్రం 1906 నాటిది. 1930లలో మెట్ట సేద్యం మీద పరిశోధనకు దేశం మొత్తంలో అయిదు చోట్లు ఎంచారు: షోలాపూర్, బీజాపూర్, రాయచూరు, హగరి, రోహ్‌తక్. మ్యాపు తీసి చూడండి. రాయచూరు మంత్రాలయానికి కూతవేటు దూరం, బళ్లారి పక్కనున్న హగరి కూడా దగ్గరే. ఒకటి నిజాం ఏలుబడిలో, ఒకటి ఇంగ్లీషు వాళ్ల ఏలుబడిలో. నేల మాత్రం ఒకటే.

అయితే ఒక లోపం అలాగే ఉండిపోయింది. పరిశోధన చేసేవాళ్లు ఒక శాఖ. పాఠం చెప్పే కాలేజీ ఇంకొకరి కింద. రైతు దగ్గరికి వెళ్లే ఉద్యోగి మరొకరి కింద. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల పెట్టారు, మరుసటేడు హైదరాబాదులో ఉస్మానియా కింద ఇంకొకటి వచ్చింది. అక్కడి అధ్యాపకుడు పాత పుస్తకం చూసి చెప్పేవాడు. నంద్యాల క్షేత్రంలో ఆ ఏడు ఏం తేలిందో అతనికి చేరే దారి లేదు. పొలంలో ఏ తెగులు వచ్చిందో క్షేత్రానికి చెప్పే నాథుడూ లేడు. ముగ్గురూ ప్రభుత్వ జీతగాళ్లే, ముగ్గురికీ మాటలు లేవు.

ఈ ముడిని అమెరికా వాళ్లు అప్పటికే విప్పుకున్నారు. 1862లో, అంతర్యుద్ధం మధ్యలో, లింకన్ ఒక చట్టం మీద సంతకం చేశాడు. ప్రతి రాష్ట్రానికీ కేంద్ర ప్రభుత్వం భూమి ఇస్తుంది, దాన్ని అమ్మిన డబ్బుతో సేద్యం, యంత్ర విద్యలు నేర్పే కాలేజీ పెట్టాలి. దొరల బిడ్డలకు కాదు, రైతుల బిడ్డలకు. ఆ చట్టం కింద కొత్తగా పుట్టిన మొదటి కాలేజీ కాన్సాస్‌దే, 1863లో, మాన్‌హట్టన్ అనే ఊళ్లో. (న్యూయార్క్ మాన్‌హట్టన్ కాదు. పచ్చిక గుట్టల మధ్య చిన్న పట్నం.) 1887 చట్టంతో అలాంటి కాలేజీలకు పరిశోధన క్షేత్రాలు తోడయ్యాయి. 1914 చట్టంతో రైతు గడపకు వెళ్లే విస్తరణ పని తోడయింది. బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే చూరు కిందికి చేరడానికి వాళ్లకు యాభై రెండేళ్లు పట్టింది.

మన దగ్గర ఆ ఆలోచనకు అక్షరరూపం ఇచ్చింది సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్. గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలని అది గట్టిగా చెప్పింది. అంతకు ముందు ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు ఉపకులపతిగా పనిచేసిన మనిషి కాబట్టి తెలుగు పల్లె ఆయనకు తెలియనిది కాదు. 1955లో భారత, అమెరికా నిపుణుల ఉమ్మడి బృందం అదే మాట ఇంకాస్త స్పష్టంగా చెప్పింది. మరుసటేడు దేశాన్ని ప్రాంతాలుగా పంచుకుని అయిదు అమెరికా విశ్వవిద్యాలయాలు రంగంలోకి దిగాయి. ఇల్లినాయ్, ఒహాయో, మిస్సోరి, టెనెసీ వాటిలో నాలుగు. మన వంతుకు వచ్చింది ఆ మాన్‌హట్టన్‌లోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం. ఈ సంప్రదింపులు సాగిన రోజుల్లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కర్నూలే. ఆదోని తాలూకా కూడా 1953లోనే బళ్లారి నుంచి కర్నూలు జిల్లాకు మారింది.

ఈ జత కుదరడం వెనక యాదృచ్ఛికం ఎంతో చెప్పలేను గానీ, జత మాత్రం మంచిదే. పశ్చిమ కాన్సాస్ మెట్ట దేశం. అనంతపురం, కర్నూలు లాగే అక్కడా వాన దోబూచులాడుతుంది. 1930లలో దుమ్ము తుఫానులకు అక్కడి రైతులు ఊళ్లు వదిలి పోయారు. పైగా అమెరికాలో జొన్న ఎక్కువగా పండే రాష్ట్రం అదే. కరువు ఎరిగిన నేల మనుషులే కరువు సీమకు వచ్చారన్నమాట.

ఒప్పందం 1956 నుంచి 1972 దాకా నడిచింది. కాన్సాస్ ఆచార్యులు ఇక్కడికి వచ్చి ఏళ్ల తరబడి ఉన్నారు. వ్యవసాయం, పశువైద్యం, గృహవిజ్ఞానం మూడింటిలోనూ పనిచేశారు. మన అధ్యాపకులు మాన్‌హట్టన్ వెళ్లి పై చదువులు చదివి వచ్చారు. అయితే వాళ్లు తెచ్చిన వాటిలో పెద్దది డిగ్రీ కాదు, పద్ధతి. అంతకుముందు ఏడాదంతా చదివి, చివర్లో ఎవరో బయటి పరీక్షాధికారి పెట్టిన ఒక్క పరీక్షతో గట్టెక్కడమే చదువు. కొత్త పద్ధతిలో పాఠం చెప్పినవాడే పరీక్ష పెడతాడు, ఏడాది పొడవునా పెడతాడు. విద్యార్థి విత్తి, కలుపు తీసి, కోసి చూపించాలి. ఇవాళ మన దేశంలో ప్రతి కాలేజీలో వినిపించే సెమిస్టర్లు, క్రెడిట్లు అనే మాటలు మొదట వేరుపట్టిన చోట్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ముందువరసలో ఉన్నాయి.

రాష్ట్రాలు ఈ విశ్వవిద్యాలయాల చట్టాలు ఎలా రాసుకోవాలో సలహా చెప్పింది రాల్ఫ్ కమ్మింగ్స్ నాయకత్వంలోని కమిటీ. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు. 1963లో మన శాసనసభ చట్టం చేసింది. 1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం హైదరాబాదు రాజేంద్రనగర్‌లో పుట్టింది. తొలి ఉపకులపతి ఓ. పుల్లారెడ్డి. 1965 మార్చి 20న లాల్ బహదూర్ శాస్త్రి లాంఛనంగా ప్రారంభించారు. బాపట్ల, హైదరాబాదు, తిరుపతి కాలేజీలు ఒక గూటికి చేరాయి.

అదే 1964లో, అదే రాజేంద్రనగర్ కేంద్రంగా జొన్నలో పెద్ద మలుపు వచ్చింది. సంకర జొన్న, సీఎస్‌హెచ్-1. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. జొన్న కంకిలో ఒకే పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి. పువ్వు తన పుప్పొడితోనే గింజ కడుతుంది. రెండు రకాలను కలపాలంటే ఒకదాని పుప్పొడి తీసేయాలి. కంకికి వేలల్లో ఉండే ఆ బుల్లి పూలలో ఈ పని చేత్తో చేసి ఊరికి సరిపడా విత్తనం తీయడం జరిగేది కాదు. 1954లో టెక్సాస్‌లో స్టీఫెన్స్, హాలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పుప్పొడే పుట్టని తల్లి మొక్కను సాధించారు. మైలో అనే తూర్పు ఆఫ్రికా జొన్న, కాఫిర్ అనే దక్షిణ ఆఫ్రికా జొన్న, ఈ రెంటి కలయికలోంచి వచ్చింది అది. ఇక పక్క వరసలో ఏ మగ మొక్కను నిలబెడితే ఆ సంకరం గాలే చేసిపెడుతుంది.

ఆ తల్లి టెక్సాస్ నుంచి ఇక్కడికి వచ్చింది. తండ్రిని ఇక్కడే, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తోడ్పాటుతో ప్రపంచమంతటి నుంచీ కూర్చిన జొన్న సేకరణలోంచి ఎంచారు. దాని పేరు ఐఎస్ 84. ఈ కృషిలో ముందున్న వారిలో నీలంరాజు గంగాప్రసాదరావు మన తెలుగువారు. ఆఫ్రికాలో పుట్టి, అమెరికాలో మారి, రాజేంద్రనగర్‌లో పెళ్లాడిన గింజ అది. ఏ ఒక్క దేశానిదీ అనలేం.

దిగుబడి బాగా పెరిగింది. మహారాష్ట్ర ముంగారి పొలాలు సంకర జొన్నతో నిండాయి. మరి మన హింగారి? ఇక్కడే నా మనసులో మాట చెప్పాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో కోసిగి, ఆదోని నల్లరేగడికి దక్కింది తక్కువ. కారణాలు దాపరికం లేనివి. కాన్సాస్, టెక్సాస్‌లలో జొన్న కోసేది యంత్రం. యంత్రానికి పొట్టి పైరు కావాలి. మన ఇంట్లో చొప్ప సగం పంట, పొట్టి జొన్న వేస్తే ఎద్దు పస్తుంటుంది. అక్కడ జొన్న పశువుల దాణా. ఇక్కడ అది రొట్టె. అరచేతుల మధ్య తట్టుతుంటే పిండి విరగకూడదు, రొట్టె తెల్లగా, మెత్తగా రావాలి. తొందరగా పండే సంకరం మీద ముంగారి చివరి వానలు పడితే గింజ బూజు పట్టి నల్లబడింది, అంగట్లో ధర పడిపోయింది.

అన్నిటికన్నా పెద్దది మొవ్వు ఈగ. లేత పైరు మొవ్వులోకి దూరి దాన్ని ఎండగొట్టే ఈ ఈగ ఆసియా, ఆఫ్రికాల్లో ఉంది, అమెరికా ఖండాల్లో లేదు. కాన్సాస్ ఆచార్యుడు ఎంత మంచివాడైనా, తన పొలంలో ఎన్నడూ చూడని పురుగుకు మందు ఎక్కడ చెబుతాడు? దాని జవాబు మన దగ్గరా ఆఫ్రికాలోనూ వెతకాల్సిందే. నంద్యాల తెల్ల జొన్న పేరుతో, ఎన్‌టీజే వరసలో నంద్యాల క్షేత్రం ఇచ్చిన రకాలు మన రుచికి, మన చొప్ప అవసరానికి దగ్గరగా రావడం అందుకే. ఎవరి నేల మీద నిలబడి వెతికారన్నది ముఖ్యం.

1971 డిసెంబరు యుద్ధంతో అమెరికా సాయం ఆగింది. కాన్సాస్ బృందమూ తిరుగు ప్రయాణం కట్టింది. రాజకీయాలు తెగ్గొట్టిన తాడును గింజ మళ్లీ ముడివేసింది. 1972లోనే హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, ఇక్రిశాట్, వెలిసింది. దాని మొదటి డైరెక్టరు, ముందు చెప్పిన రాల్ఫ్ కమ్మింగ్సే. రాజేంద్రనగర్ జొన్న సేకరణ అక్కడికి చేరి, నేడు నలభై వేలకు పైబడిన జొన్న నమూనాల విత్తన భాండాగారమైంది. ఇప్పుడు గింజలు ఇక్కడి నుంచి బయటికి పోతాయి.

ఈ తిరుగు ప్రవాహానికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఇథియోపియా మనిషి, గెబీసా ఎజెటా. పూరి గుడిసెలో పుట్టినవాడు. అలెమాయా కాలేజీలో చదివాడు. దాన్ని నిలబెట్టింది ఓక్లహామా స్టేట్ విశ్వవిద్యాలయం, కాన్సాస్ లాంటిదే, ఆ 1862 చట్టం సంతానమే. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, ఇక్రిశాట్ తరఫున సూడాన్ వెళ్లి, కరువును తట్టుకునే సంకర జొన్న హగీన్ దురా-1ను 1983లో విడుదల చేశాడు. తర్వాత జొన్న వేళ్లను పట్టి పీల్చే స్ట్రైగా కలుపును తట్టుకునే రకాలు తెచ్చాడు. 2009లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నాడు. అలెమాయా, రాజేంద్రనగర్ ఒకే కాలంలో, ఒకే ఆలోచన మీద కట్టిన బడులు.

మన బడి సంగతి. 1996లో దానికి ఎన్.జి. రంగా పేరు పెట్టారు. పశువైద్యం, ఉద్యానం తర్వాత వేరు విశ్వవిద్యాలయాలయ్యాయి, 2014లో రాష్ట్రం విడిపోయాక రాజేంద్రనగర్ తెలంగాణకు పోయి, ఆంధ్ర కేంద్రం గుంటూరు దగ్గర లాంకు వచ్చింది. కర్నూలు సీమలో మహానంది కాలేజీ 1991 నుంచి నడుస్తోంది.

మన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో డిగ్రీ, పీజీ చదివిన పి.వి. వరప్రసాద్ వేరుశనగ మీద ఎండ దెబ్బ గురించి ఇంగ్లండులోని రీడింగ్‌లో డాక్టరేట్ చేశారు. రాయలసీమలో వేరుశనగ వేసిన ఎవరికైనా ఆ అంశం ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత కాన్సాస్ స్టేట్‌లో ఆచార్యుడై, 2014లో అక్కడ మొదలైన సుస్థిర సేద్య పరిశోధనాలయానికి డైరెక్టరయ్యారు. సెనెగల్, బుర్కినా ఫాసో, ఇథియోపియా, బంగ్లాదేశ్, కంబోడియా పేద రైతుల కోసం పనిచేసిన సంస్థ అది. 1956లో కాన్సాస్ మనకు ఆచార్యుల్ని పంపింది. ఆ పంట కాసి, మన ఆచార్యుడు కాన్సాస్ తరఫున ఆఫ్రికాకు వెళ్లాడు.

2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం నిధులు కోసేసినప్పుడు ఆ పరిశోధనాలయమూ మూతపడింది. మొవ్వు ఈగ, గింజ బూజు, అడుగంటిన పదును ఇంకా పొలంలోనే ఉన్నాయి. నంద్యాల, మహానంది, పటాన్‌చెరు, అలెమాయా కూడా ఉన్న చోటే ఉన్నాయి. ఈసారి ఒప్పందం మాన్‌హట్టన్ గుండా తిరిగి రావాల్సిన పని లేదు. ఇథియోపియా మెట్టకూ ఆదోని మెట్టకూ నేరుగా కుదరాలి. దాని మొదటి పేజీలో రాయాల్సిన పంట హింగారి జొన్న.