446 బైట్ల చోటు

పాత కంప్యూటరు ఆన్ చేయగానే విండోస్‌లోకా, లినక్స్‌లోకా అని అడిగే ఏర్పాటు మొదలయ్యేది హార్డ్ డిస్కు మొట్టమొదటి 446 బైట్లలో. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతపు గుర్తుకు మరో 3 పడతాయి. అంటే తెలుగులో 148 గుర్తులు రాస్తే ఆ చోటు నిండినట్టే. ఈ లెక్క తేలినప్పుడు నాకెంత సంబరమైందో! కలమల్ల చెన్నకేశవాలయ ఆవరణలో రేనాటి చోళుడు ధనంజయుడు వేయించిన శాసనం మనసులో మెదిలింది. క్రీ.శ. 575 నాటి ఆ రాతిమీద చెక్కినవాడూ ఉన్న జాగాలోనే చెప్పవలసింది చెప్పాడు.

446 పోగా మరో 64 బైట్లు నాలుగు పార్టిషన్ల వివరాలకు, చివరి 2 ఆనవాలుకు, మొత్తం 512. ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల డిస్కుతో, డాస్ 2.0తో వచ్చిన 1983 నాటి కొలతలివి. డాస్ పక్కన ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండొచ్చని తయారుచేసినవాళ్లే తలచి నాలుగు భాగాలకు వీలు కల్పించారు. అంటే రెండు సిస్టమ్‌లు పెట్టుకోవడం కుర్రాళ్లు కనిపెట్టిన గారడీ కాదు, పీసీకి డిస్కు వచ్చిన నాటి నుంచీ ఉన్న సౌకర్యమే. తర్వాత ఏ సిస్టమ్‌లోకి వెళ్లాలో అడిగే మెనూ ప్రోగ్రాములు, 1992లో లిలో, 1995లో గ్రబ్ వచ్చాయి.

మనవాళ్ల ముచ్చట 2004 తర్వాతే రంజుగా ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినా, కంట్రోల్ ప్యానెల్లో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేస్తే గానీ తెలుగు సరిగా కనిపించేది కాదు. ఉబుంటు అనే లినక్స్ సీడీలు అడిగినవాళ్లకు పోస్టులో ఉచితంగా వచ్చేవి, 2011లో ఆపేశారు. 2005లో హైదరాబాదు స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో ఏకంగా ఒక సిస్టమే తెచ్చింది. దాన్ని చూసి మురిసినా విండోస్‌ను వదల్లేని పరిస్థితి. పెళ్లిపత్రిక అచ్చు కావాలంటే పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉండాలి, అవేమో విండోస్‌వి. అందుకే రెండూ.

"అన్నా, రెండూ ఎక్కియ్యల్ల, డీ డ్రైవులో ఫొటోలు మాత్రం పోగూడదు" అనేవాళ్లు ప్రొద్దుటూరు పిల్లలు. లినక్స్‌కు చోటివ్వడానికి పార్టిషన్ కుదించేటప్పుడు కరెంటు పోతే ఫొటోల మీద ఆశ వదులుకోవలసిందే. ఫార్మాట్ కొట్టించి విండోస్ మళ్లీ వేయిస్తే మెనూ మాయమయ్యేది, ఆ 446 బైట్లను విండోస్ తనకోసం తిరగరాసుకునేది గనక. లినక్స్ పోయిందని బెంగపడేవాళ్లు. అది ఉన్నచోటే ఉండేది. డిస్కులో ఎక్కించకుండానే నడిచే లైవ్ సీడీతో గ్రబ్‌ను మళ్లీ వేస్తే మెనూ తిరిగొచ్చేది. డిస్కు లోపల ఏముందో అప్పటి పిల్లలు ఈ తిప్పల్లోనే నేర్చారు. ఆ నేర్పు ఇప్పుడు కరువైంది, నాకది నిజంగా బాధ.

2011లో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు పంచిన లాప్‌టాప్‌లలో విండోస్‌తోపాటు బాస్ లినక్స్ కూడా పెట్టారు. ఇంటింటా ఆ పద్ధతి వచ్చి ఉంటే ఎంత బాగుండేది! 2012లో విండోస్ 8తో, సంతకం లేని బూట్ ప్రోగ్రామును నడవనివ్వని సెక్యూర్ బూట్ వచ్చి కొత్తవాళ్లను భయపెట్టింది. 2016 నుంచి విండోస్ లోపలే లినక్స్ నడుస్తోంది. ఎంచుకునే మెనూతో పనే లేదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటరు మీ ఇంట్లో ఉంటే పారేయకండి. ముందు ఫొటోలు వేరేచోట దాచుకుని, కరెంటు నిలకడగా ఉన్న పూట చూసుకుని, పక్కన లినక్స్ వేయండి.