ఈల పట్టినవారికి మార్కులు: అమెరికా పాఠశాల క్రీడల్లో అఫీషియల్స్ హోదాల చరిత్ర

3.1 పరిచయం

మీరు చదువుకున్న ఉన్నత పాఠశాలలో మండల స్థాయి కబడ్డీ, వాలీబాల్ పోటీలు జరిగినప్పుడు ఈల పట్టుకుని నిలబడింది ఎవరో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. చాలా చోట్ల అది పక్క ఊరి వ్యాయామ ఉపాధ్యాయుడే అయి ఉంటారు. ఆయన తీర్పు నచ్చని జట్టు గొణుక్కుంటుంది, నచ్చిన జట్టు చప్పట్లు కొడుతుంది. సాయంత్రానికి ఆ సంగతి అందరూ మరచిపోతారు. ఆటగాళ్లకు పాయింట్లున్నాయి, కప్పులున్నాయి, జిల్లా జట్టుకు ఎంపిక అనే నిచ్చెన ఉంది. ఈల పట్టిన మనిషికి అలాంటి నిచ్చెన ఉందా? ఉంటే ఒక్కొక్క మెట్టూ ఎవరు ఎక్కిస్తారు?

ఈ ప్రశ్నకు రాతపూర్వకమైన, చాలా కాలంగా నడుస్తున్న జవాబు అమెరికా ఉన్నత పాఠశాలల క్రీడా సంఘాల్లో దొరుకుతుంది. అక్కడ రిఫరీ, అంపైర్, లైన్స్‌మన్ వంటి వారందరినీ కలిపి 'అఫీషియల్స్' అంటారు. మన వ్యాయామ ఉపాధ్యాయులూ ఈ మాటనే వాడతారు కనుక ఈ పాఠంలోనూ అదే వాడుకుందాం. మీరు గమనించవలసిన అసలు విషయం ఒకటుంది. ఇది ఆటల చరిత్ర మాత్రమే కాదు. ఒక సమాజం తనకు తీర్పు చెప్పేవారిని ఎలా నమ్మింది, నమ్మకం లేనప్పుడు ఏ ఏర్పాట్లు చేసుకుంది అన్నదే ఇందులోని చరిత్ర.

3.2 ఆతిథ్య జట్టు పిలిచిన మనిషి

1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను రూపొందించాడు. ఆయన రాసిన పదమూడు నియమాల్లో తీర్పరులకు సంబంధించినవి ఆసక్తికరంగా ఉంటాయి. అంపైర్ మనుషులను చూడాలి, రిఫరీ బంతిని చూడాలి. తప్పులను లెక్కపెట్టేది ఒకరు, బంతి ఎవరిదో, గోల్ అయిందో లేదో తేల్చేది ఇంకొకరు. ఒకే మనిషి రెండు కళ్లతో అన్నీ చూడలేడని ఆట పుట్టినప్పుడే గుర్తించారన్న మాట. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో రెండు జట్లు చెరొక అంపైర్‌ను తెచ్చుకునే పాత పద్ధతి పోయి, రిఫరీ ఒక్కడే మైదానం లోపలికి వచ్చిందీ ఆ 1891లోనే. జట్టు మనిషి స్థానంలో ఆట మనిషి రావడం ఆ కాలపు పెద్ద మార్పు.

పాఠశాలల స్థాయికి ఈ మార్పు ఆలస్యంగా చేరింది. తొలి దశాబ్దాల్లో పోటీ ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరి పాఠశాలే అఫీషియల్‌ను పిలిచేది, డబ్బూ ఇచ్చేది. పిలిచినవారికి అనుకూలంగా ఈల ఊదేవాణ్ణి 'హోమర్' అనేవారు. ఈ తిట్టు అక్కడ నేటికీ వాడుకలో ఉంది. వచ్చే వారం మళ్లీ పిలవాలంటే ఈ వారం ఆతిథ్య జట్టు కోచ్ సంతోషించాలి. ఆ రోజుల్లో అఫీషియల్‌కు ఉన్న 'రేటింగ్' అదొక్కటే. అది ఏ కాగితం మీదా ఉండేది కాదు.

3.3 సంఘాలు, నమోదు

1920లో ఇల్లినాయ్ రాష్ట్ర సంఘ కార్యదర్శి ఎల్.డబ్ల్యు. స్మిత్ పిలుపు మీద ఇల్లినాయ్, ఇండియానా, అయోవా, మిషిగన్, విస్కాన్సిన్ రాష్ట్రాల ప్రతినిధులు షికాగోలో కలుసుకున్నారు. విశ్వవిద్యాలయాలు, క్లబ్బులు తమ ప్రచారం కోసం పాఠశాల పిల్లలతో పోటీలు నడపడం వారికి నచ్చలేదు. షికాగో విశ్వవిద్యాలయంలో ఆమోస్ అలొంజో స్టాగ్ 1917లో మొదలుపెట్టిన జాతీయ పాఠశాల బాస్కెట్‌బాల్ పోటీ, ఈ సమాఖ్య వ్యతిరేకత వల్లనే 1930తో ఆగిపోయింది. 1923 నాటికి సమాఖ్య జాతీయ సంస్థగా పేరు మార్చుకుంది. నేడు దేశవ్యాప్తంగా పాఠశాల ఆటల నియమాలను రాసేది దాని వారసులే.

పోటీలను తమ చేతుల్లోకి తీసుకున్న సంఘాలకు అఫీషియల్స్‌ను కూడా తీసుకోక తప్పలేదు. ఆ తరువాతి దశాబ్దాల్లో ఒక్కొక్క రాష్ట్రం నమోదు పద్ధతి పెట్టుకుంది. రుసుము కట్టాలి, నియమాల మీద పరీక్ష రాయాలి, శిక్షణ సమావేశాలకు హాజరు కావాలి. పేరు జాబితాలో ఉన్నవారినే పాఠశాలలు పిలవాలి. ఇక్కడ ఒక్క తేడాను గుర్తుంచుకోండి. నమోదు అంటే 'ఇతనికి నియమాలు తెలుసు' అని చెప్పడం. హోదా అంటే 'ఇతను మైదానంలో వాటిని నిలబెట్టగలడు' అని చెప్పడం. మొదటిది పరీక్ష తేల్చగలదు. రెండోది తేల్చాలంటే ఎవరో ఒకరు కూర్చుని చూడాలి.

అదే 1920లో మన వైపు జరిగిన ఒక సంగతిని ఇక్కడ చెప్పుకోవాలి. నైస్మిత్ పాఠం చెప్పిన స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న హ్యారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా పాఠశాలను ప్రారంభించాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. అయితే మన దగ్గర శిక్షణ పొందిన వ్యాయామ ఉపాధ్యాయుడే కోచ్, ఆయనే నిర్వాహకుడు, అవసరమైతే ఆయనే రిఫరీ. అమెరికా పాఠశాలల్లో మాత్రం అఫీషియల్ బయటి మనిషి. పగలు పోస్టాఫీసులోనో బడిలోనో పనిచేసి, సాయంత్రం చారల చొక్కా వేసుకుని వచ్చేవాడు. బయటివాడు కనుకనే అతన్ని కొలవవలసిన అవసరం వచ్చింది.

3.4 మహిళలు ముందుగా కట్టిన నిచ్చెన

మెట్లు మెట్లుగా ఉండే హోదాలను తొలిరోజుల్లోనే శ్రద్ధగా ఆలోచించినవారు మహిళా వ్యాయామ అధ్యాపకులు. దీన్ని పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఒక వాక్యంతో దాటవేస్తాయి. అది న్యాయం కాదు.

బాలికల బాస్కెట్‌బాల్‌కు అప్పట్లో నియమాలు వేరు. కోర్టును భాగాలు చేసి, ఒక భాగం వారు మరో భాగంలోకి వెళ్లకుండా ఆడేవారు. బాలికల ఆటను మహిళలే నడపాలని, మగ కోచ్‌ల పోటీతత్వం అందులోకి రాకూడదని ఈ అధ్యాపకుల పట్టుదల. మరి నడపగల మహిళలేరీ? 1920ల చివర్లో వారు జాతీయ స్థాయిలో ఒక రేటింగ్ కమిటీ ఏర్పాటు చేసుకున్నారు. అభ్యర్థి ముందు రాత పరీక్ష రాయాలి. తరువాత నిజమైన ఆటకు ఈల పట్టాలి. పక్కన కూర్చున్న అనుభవజ్ఞులైన న్యాయనిర్ణేతలు ఆమె నిలబడే చోటు, ఈల వేళ, సైగల స్పష్టత చూసి మార్కులు వేస్తారు. వచ్చిన మార్కులను బట్టి స్థానిక హోదా, జాతీయ హోదా వంటివి ఇచ్చేవారు. కళాశాలలో చదువుతున్న అమ్మాయిలు తమలో తాము ఆడుకునే పోటీలకు ఈల పట్టేందుకు ఇంకా కింది హోదా ఒకటి ఉండేది. హోదా శాశ్వతం కాదు, గడువు ముగిసినప్పుడు మళ్లీ నిరూపించుకోవాలి.

ఈ పద్ధతిలోని బలం ఒక్కటే. మార్కులు వేసినవారికి ఆ ఆటలో గెలుపూ ఓటమీ లేవు.

1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం బాలికలకు ఆటల తలుపులు తెరిచింది. కాని అదే సమయంలో బాలికల ఆటలు రాష్ట్ర సంఘాల నిర్వహణలోకి, ఆ సంఘాల అఫీషియల్స్ జాబితాల్లోకి కలిసిపోయాయి. ఆ జాబితాల్లో ఉన్నది ఎక్కువగా పురుషులు. ఆడే బాలికల సంఖ్య పెరుగుతుండగానే వారి ఆటకు ఈల పట్టే మహిళల వాటా తగ్గిపోయింది. మంచి ఉద్దేశంతో చేసిన విలీనం వల్ల మహిళలు తమ కోసం కట్టుకున్న నిచ్చెన కనుమరుగైంది. 1997లో వయొలెట్ పామర్, డీ కాంట్నర్ ఎన్.బి.ఎ. పోటీల్లో ఈల పట్టిన తొలి మహిళలైనప్పుడు పత్రికలు దాన్ని ఆశ్చర్యంగా రాశాయి. డెబ్బై ఏళ్ల క్రితమే మహిళలు తమ అఫీషియల్స్‌కు జాతీయ హోదాలు ఇచ్చుకున్నారన్నది ఎవరికీ గుర్తు రాలేదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: నమోదుకూ హోదాకూ తేడా ఏమిటి? మహిళల రేటింగ్ పద్ధతిలో పరీక్షకులు ఎవరు? అయిదు వాక్యాల్లో రాయండి.

3.5 ఓడిన కోచ్ వేసే మార్కులు

రాష్ట్ర సంఘాలు ఎంచుకున్న దారి వేరు. వేల ఆటలకు వేల మంది పరిశీలకులను పంపే స్తోమత ఏ సంఘానికీ లేదు. కాబట్టి ఎలాగూ ఆటను చూస్తున్న పాఠశాలలనే మార్కులు వేయమన్నారు. మిషిగన్ సంఘంలో ఈ రేటింగ్ 1956 నుంచి ఉంది. కొలబద్ద 1 నుంచి 5 వరకు. ఇక్కడ పొరపడకండి, 1 అంటే అత్యుత్తమం, 5 అంటే అధమం. రాష్ట్ర స్థాయి టోర్నమెంట్లకు అఫీషియల్స్‌ను ఎంచేటప్పుడు ఈ సగటును లెక్కలోకి తీసుకుంటారు. ఇల్లినాయ్‌లో మూడు మెట్లు ఉన్నాయి: రిజిస్టర్డ్, రికగ్నైజ్డ్, సర్టిఫైడ్. కొత్తవారు మొదటి మెట్టు మీద ఉంటారు. పరీక్ష, శిక్షణ శిబిరం, అనుభవం, పాఠశాలలు ఇచ్చే రేటింగ్ అన్నీ కలిసి పై మెట్టుకు దారి తీస్తాయి.

ఈ పద్ధతి మీద మీకు వెంటనే ఒక సందేహం కలగాలి. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయిన కోచ్, చివరి క్షణంలో తన జట్టు మీద ఫౌల్ చెప్పిన అఫీషియల్‌కు ఏ అంకె వేస్తాడు? ఆ ఫౌల్ నూటికి నూరు పాళ్లు నిజమే అనుకోండి. అయినా ఆ అంకె ఏమిటో ఊహించడం కష్టం కాదు. సంఘాలకు ఇది తెలియకపోలేదు. వారి సమాధానం సంఖ్యాబలం. ఒక కోచ్ కోపం ఒక్క అంకెను పాడుచేస్తుంది, సీజన్ మొత్తంలో అనేక పాఠశాలలు వేసిన అంకెల సగటులో అది కరిగిపోతుంది. అయితే ఒక షరతు. కోపం వచ్చినవారు మాత్రమే రాసి, తృప్తి చెందినవారు బద్ధకిస్తే సగటు వంకర పోతుంది. అందుకే మిషిగన్‌లో రేటింగ్ ఇవ్వడం పాఠశాలల ఇష్టానికి వదల్లేదు, అది వాటి బాధ్యత. ఇవ్వని పాఠశాలల పేర్లు సంఘం ప్రకటిస్తుంది.

సంఖ్యాబలం తీర్చలేని చిక్కు ఒకటి మిగిలింది. పెద్ద ఆటకు పిలుపు రావాలంటే రేటింగ్ కావాలి. చెప్పుకోదగ్గ రేటింగ్ రావాలంటే పెద్ద ఆటలు చేయాలి. మొదటి పిలుపు ఎవరి చేతిలో ఉంది? చాలా ప్రాంతాల్లో అది స్థానిక అఫీషియల్స్ సంఘం చేతిలోనో, ఆటలు పంచిపెట్టే ఒక్క వ్యక్తి చేతిలోనో ఉండేది. వారికి తెలిసినవారికే పిలుపు. దక్షిణ రాష్ట్రాల్లో 1960ల దాకా నల్లజాతి పాఠశాలలకు క్రీడా సంఘాలే వేరుగా ఉండేవి, వాటి అఫీషియల్స్ కూడా వేరు. తెల్లవారి పాఠశాలల ఆటలకు వారిని పిలవరు కనుక ఆ నిచ్చెన మీద వారికి మొదటి మెట్టే లేదు.

బర్ల్ టోలర్ జీవితం ఈ సందర్భంలో చదవదగింది. మెంఫిస్‌లో పుట్టి, శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయపు 1951 నాటి అజేయ ఫుట్‌బాల్ జట్టులో ఆడాడు. మోకాలి గాయంతో ఆట ఆగిపోయింది. ఉపాధ్యాయుడై, తరువాత ప్రిన్సిపాల్ అయి, ఆ పని చేస్తూనే అఫీషియల్‌గా పైకి వచ్చాడు. 1965లో ఎన్.ఎఫ్.ఎల్.లో తొలి నల్లజాతి అఫీషియల్ అయ్యాడు. 1980లో సూపర్ బౌల్‌లో విధులు నిర్వహించాడు. ప్రతిభకు అంకెలు వేసే పద్ధతి ఎంత కచ్చితమైనదైనా, ఆ ప్రతిభను మైదానంలోకి రానివ్వకపోతే ఆ అంకెలకు అర్థం లేదు.

3.6 మన వైపు నుంచి ఒక పోలిక

తీర్పరి తటస్థత గురించిన వాదం మీకు క్రికెట్ ద్వారా పరిచయమే. 1986 నవంబరులో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకు ఇద్దరు భారతీయులు, హైదరాబాద్‌కు చెందిన వి.కె. రామస్వామి, పిలూ రిపోర్టర్, తటస్థ అంపైర్లుగా నిలబడ్డారు. 2002లో ఎలైట్ ప్యానెల్ వచ్చాక టెస్టులకు ఇద్దరు అంపైర్లూ తటస్థులే అన్న నియమం వచ్చింది. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2019లో ఐ.సి.సి. మ్యాచ్ రిఫరీల అంతర్జాతీయ ప్యానెల్‌లో చేరిన తొలి మహిళ. క్రికెట్ డబ్బుతో, కెమెరాలతో సాధించినదాన్ని పాఠశాలల సంఘాలు కోచ్‌లు వేసే అంకెలతో సాధించాలని చూశాయి. పోల్చేటప్పుడు ఈ వనరుల తేడాను మరచిపోకండి.

3.7 మెట్లు ఉన్నా ఎక్కేవారు లేరు

ఇటీవలి సమస్య హోదాలది కాదు, మనుషులది. 2018-19 తరువాత మూడేళ్లలో సుమారు 50 వేల మంది పాఠశాల అఫీషియల్స్ ఈ పని మానుకున్నారని జాతీయ సమాఖ్య ప్రకటించింది. కోవిడ్ ఒక కారణం. తల్లిదండ్రుల, ప్రేక్షకుల తిట్లు మరో కారణం, సమాఖ్య ఎక్కువగా మాట్లాడేదీ దాని గురించే. కొత్తగా చేరినవారిలో చాలామంది మొదటి రెండు మూడేళ్లలోనే వెళ్లిపోతున్నారు, అంటే రెండో మెట్టు చూడకముందే. మనుషులు చాలక కొన్ని చోట్ల శుక్రవారం రాత్రి ఆడవలసిన ఫుట్‌బాల్ ఆటలను గురువారానికో శనివారానికో మార్చుకున్నారు. అలాంటి పరిస్థితిలో 4 అంకె వచ్చిన అఫీషియల్‌ను కూడా వచ్చే వారం మళ్లీ పిలవక తప్పదు. వంద సంవత్సరాల క్రితం పిలిచే ఊరికి ఎంపిక చేసుకునే శక్తి ఉండేది. ఇప్పుడు ఏ ఆటకు వెళ్లాలో ఎంచుకునేది ఈల పట్టినవాడే.