యుద్ధ దినచర్యలలో తేదీల సత్యాసత్యములు

ఇరువదవ శతాబ్దమున జరిగిన రెండు ప్రపంచ యుద్ధములను గూర్చి వెలువడిన గ్రంథములలో దినక్రమ చరిత్రలు ఒక ప్రత్యేకమైన తెగ. ఎడమవైపున తేదీ, కుడివైపున ఆనాటి సంఘటన: ఇదియే వాని స్వరూపము. వ్యాఖ్యానము లేదు, వర్ణన లేదు. అందుచేతనే పాఠకునకు వానిపై విశ్వాసము మెండు. అభిప్రాయమును శంకించువాడు సైతము తేదీని శంకింపడు. కాని తేదీయు ఒకానొక మానవుడు, ఒకానొక చోట నిలిచి, ఒకానొక గడియారమును చూచి, ఒకానొక పంచాంగము ననుసరించి వ్రాసిన మాటయే. ఆ నాలుగింటిని విచారింపక తేదీని స్వీకరించుట చరిత్రకారునకు తగదు.

తెలుగువారికి ఈ విచారణ దూరపు విషయము కాదు. మొదటి యుద్ధమున శత్రునౌక గుండ్లు పడిన మద్రాసు నగరమునను, రెండవ యుద్ధమున శత్రువిమానములు బాంబులు వేసిన విశాఖపట్టణ, కాకినాడలయందును తెలుగువారు వసించుచుండిరి. ఆ దినములను గూర్చి గ్రంథములలో వ్రాసినదియు, పెద్దల నోట నిలిచినదియు అన్ని చోట్ల పొసగవు. ఏది గ్రాహ్యము, ఏది త్యాజ్యము అని నిర్ణయించుటకు కొన్ని పద్ధతులు కలవు. వానిని తెలిసిన ఉదాహరణములతో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశ్యము.

మద్రాసుపై ఎమ్డెన్

1914 సెప్టెంబరు 22 వ తేది రాత్రి జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు తీరమును సమీపించి, రేవు దాపున ఉన్న బర్మా ఆయిల్ కంపెనీ నూనె ట్యాంకులపై గుండ్లు కురిపించెను. ట్యాంకులు అంటుకొనెను. రేవులో నిలిచియున్న చుప్రా అను వాణిజ్యనౌకకు దెబ్బలు తగిలెను. కొలదిమంది ప్రాణములు కోల్పోయిరి. హైకోర్టు ఆవరణపు గోడ దెబ్బతిన్న చోట పిమ్మట శిలాఫలకము నిలిపిరి. ఇంతవరకు భేదాభిప్రాయము లేదు.

ఆ తేదీని పరీక్షించుటకు మొదటి సాధనము వారము. గణితము చేసి చూచినచో ఆ దినము మంగళవారమగును. మరియొక వారము చెప్పిన రచనలో వారమైనను తప్పు, తేదీయైనను తప్పు. రెండవ సాధనము తిథి. ఆనంద నామ సంవత్సర భాద్రపద అమావాస్య ఆ సెప్టెంబరు 19 వ తేది రాత్రితో ముగిసెను. కావున 22 వ తేది ఆశ్వయుజ శుద్ధ తదియ ప్రాంతము; శరన్నవరాత్రులలో మూడవ నాడు. తదియనాటి చంద్రుడు ప్రొద్దుగ్రుంకిన కొంతసేపటికే అస్తమించును. ఎమ్డెన్ గుండ్లు పేల్చినది రాత్రి సుమారు తొమ్మిదిన్నర గంటలకు. అప్పుడు సముద్రముపై చీకటియే ఉండవలెను. నిండు వెన్నెలలో ఓడను చూచితిమని ఎవరైన చెప్పినచో, ఆ మాట మరియొక రాత్రి జ్ఞాపకముతో కలిసినదని గ్రహింపవచ్చును. దసరా పూజల నడుమ గుండ్ల మ్రోత వినబడెనను మాట మాత్రము పంచాంగముతో చక్కగా సరిపోవును. ఇట్లు తెలుగు ఇంటింట నుండు పంచాంగమే చరిత్ర పరిశోధనకు ఉపకరించును.

మూడవ సాధనము పత్రికలు. ఆంధ్రపత్రిక మద్రాసునుండి దినపత్రికగా 1914 ఏప్రిల్ 1 వ తేదిన ఆరంభమయ్యెను. ఎమ్డెన్ వచ్చునాటికి దానికి ఆరు మాసములు నిండలేదు. అట్టి సమకాలిక పత్రికలు అమూల్యములు. అయినను ఒక జాగ్రత్త వలయును. పత్రిక శిరస్సున ముద్రించిన తేదీ సంచిక వెలువడిన తేదీయే కాని సంఘటన తేదీ కాదు. రాత్రి తొమ్మిదిన్నరకు జరిగినది మరునాడు గాని అచ్చు కాదు. సంచిక తేదీనే సంఘటన తేదీగా ఎత్తి వ్రాయుట దినక్రమ చరిత్రలలో ఒక్క రోజు తేడా పడుటకు సామాన్య కారణము.

ఇక అంకెల సంగతి. ఓడ పేల్చిన గుండ్లు 125 అని కొన్ని గ్రంథములు, 130 అని మరికొన్ని చెప్పును. కాల్పులు కొన్ని నిమిషములు మాత్రమే సాగెనని ఒకరు, అరగంట సాగెనని ఒకరు వ్రాసిరి. ఇచ్చట ఒకరు సత్యవాది, వేరొకరు అసత్యవాది అని తీర్పు చెప్పనక్కరలేదు. ఓడలోని మందుగుండు కొట్టులో తరిగిన గుండ్లను లెక్కించినవాడు చెప్పు సంఖ్య వేరు. ఒడ్డున పడిన వానిని ఏరినవాడు చెప్పు సంఖ్య వేరు. నీటబడినవి రెండవవాని లెక్కకు రావు. లెక్క చెప్పినవాడు ఎచ్చట నిలిచి చెప్పెనో తెలియనిదే ఆ అంకెకు విలువ కట్టరాదు.

సాక్షి స్థానము

ఎమ్డెన్ నౌకలో కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ క్రింద ప్రథమాధికారిగా ఉండిన హెల్ముట్ ఫాన్ మ్యూకె 1915 లో ఆ నౌక చరిత్రను ప్రకటించెను. మద్రాసు రాత్రికి అతడు ప్రత్యక్ష సాక్షి. కాని 1914 నవంబరు 9 వ తేదిన కోకస్ ద్వీపములకడ ఆస్ట్రేలియా నౌక సిడ్నీతో జరిగిన కడపటి పోరాటమునకు అతడు ఓడలో లేడు. తంతి కార్యాలయమును ధ్వంసము చేయుటకు కొందరితో ద్వీపముపై దిగి, ఓడ మరలి రానందున, అయేషా అను తెరచాప ఓడలో తప్పించుకొని పోయెను. కావున ఒకే రచయిత ఒక తేదికి సాక్షి, మరియొక తేదికి శ్రోత. గ్రంథమంతటికి ఒకే ప్రమాణమును అంటగట్టక, తేదీ తేదీకి సాక్షి ఎచ్చట నుండెనని అడుగుట ఉత్తమ పద్ధతి.

అట్లే సాక్షులలో పరస్పర విరోధము కనబడినంత మాత్రమున ఒకరు అబద్ధమాడిరనరాదు. ఎమ్డెనుకు పొగగొట్టములు మూడు. శత్రువులను భ్రమింపజేయుటకు అందులోనివారు నాలుగవ గొట్టమును కృత్రిమముగా అమర్చిరి. మూడు గొట్టములు చూచితినన్నవాడును, నాలుగు చూచితినన్నవాడును సత్యమే చెప్పియుండవచ్చును.

గడియారమును పంచాంగమును

1914 ఆగస్టు 4 వ తేదిన బ్రిటను జర్మనీపై యుద్ధము ప్రకటించెనని ప్రతి గ్రంథమునందును కలదు. లండను గడియారమున అప్పుడు రాత్రి 11 గంటలు. భారత ప్రామాణిక కాలమున అది ఆగస్టు 5 వ తేది తెల్లవారుజామున నాలుగున్నర. 1918 నవంబరు 11 వ తేది ఉదయము 11 గంటలకు ఐరోపాలో ఫిరంగులు నిలిచినప్పుడు ఇచ్చట సాయంకాలము నాలుగున్నర. కనుక భారతదేశమున వ్రాసిన దినచర్యలో యుద్ధారంభము ఆగస్టు 5 న కనబడినచో అది దోషము కాదు.

మన దేశములోని గడియారములును ఏకరీతిగా నడువలేదు. ప్రామాణిక కాలము 1906 లో ఏర్పడినను కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు స్వంత కాలమును పాటించెను. బొంబాయిలో స్థిరపడిన తెలుగువారి ఉత్తరములలోని గంటకును, మద్రాసు ఉత్తరములలోని గంటకును సుమారు 39 నిమిషముల తేడా ఉండవచ్చును. మరియు యుద్ధ కాలమున, 1942 సెప్టెంబరు 1 మొదలు 1945 అక్టోబరు 15 వరకు, దేశమంతట గడియారములను ఒక గంట ముందుకు త్రిప్పిరి. 1945 ఆగస్టు 15 వ తేది మధ్యాహ్నము 12 గంటలకు జపాను చక్రవర్తి ప్రసంగము ఆకాశవాణిలో వినబడినప్పుడు ఇచ్చటి గడియారమున ఎనిమిదిన్నర కాక తొమ్మిదిన్నర అయ్యెను.

వీనికంటె చిత్రమైనది 1941 డిసెంబరు ఉదంతము. పెర్ల్ హార్బరుపై దాడి 7 వ తేదిన జరిగెననియు, మలయాలోని కోట బారు తీరమున జపాను సేనలు 8 వ తేదిన దిగెననియు వరుసగా వ్రాయుదురు. చదివినవాడు మొదటిది ముందు, రెండవది వెనుక అనుకొనును. నిజమున కోట బారు దిగుడే గంటకు పైగా ముందు జరిగెను. హవాయి ద్వీపములకును మలయాకును నడుమ తేదీ రేఖ ఉండుటచేత 8 వ తేది 7 వ తేదికంటె ముందు వచ్చెను.

పంచాంగ భేదము మరియొక చిక్కు. 1914 అక్టోబరు 28 న ఎమ్డెన్ పెనాంగు రేవున జెమ్‌చుగ్ అను రష్యా నౌకను ముంచెను. రష్యా లెక్కలో అది అక్టోబరు 15. ఆ దేశము అప్పటికి పాత పంచాంగమునే పాటించుచుండెను. 1918 లో జనవరి 31 వెంటనే ఫిబ్రవరి 14 వచ్చునట్లు దిద్దుకొనెను. ఈ సంగతి యెరుగని సంకలనకర్త ఒకే నౌకను రెండుమారులు ముంచు ప్రమాదము కలదు.

విశాఖపట్టణ, కాకినాడలు

1942 ఏప్రిల్ 6 వ తేది, సోమవారము, చిత్రభాను నామ సంవత్సర చైత్ర బహుళ పక్షమున, జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. దీనికి ముందునాడు, ఈస్టరు ఆదివారమున, కొలంబోపై దాడి జరిగెను. 9 వ తేదిన త్రికోణమలైపై జరిగెను. మూడింటిని ఒకే నౌకాదళము చేసినట్లు వ్రాయుట ఒక సామాన్యమైన పొరపాటు. సింహళముపై దాడి చేసినది నగుమో నడపిన పెద్ద విమానవాహక దళము. ఆంధ్ర తీరమునకు వచ్చినది ఒజావా నడపిన వేరొక దళములోని ర్యూజో అను చిన్న వాహకనౌకనుండి ఎగిరిన విమానములు. ఆ దళము బంగాళాఖాతమున సుమారు ఇరువది వాణిజ్యనౌకలను ముంచెను.

జపాను నౌకాదళము ఎచ్చటికి పోయినను టోక్యో కాలముననే వ్రాసికొనెడిది. అది భారత ప్రామాణిక కాలమునకు మూడున్నర గంటలు ముందు. పగటి దాడులకు తేదీ మారదు. కాని ఇచ్చట రాత్రి ఎనిమిదిన్నర దాటిన పిమ్మట జరిగినది అచ్చటి పుస్తకమున మరునాటి తేదీ క్రింద చేరును. ఇరు పక్షముల పత్రములను ప్రక్కప్రక్కన పెట్టువారు ఈ సవరణ ముందు చేసికొనవలెను.

ఈ వార్తలచే మద్రాసు నగరము తల్లడిల్లెను. కార్యాలయములు లోనాటి పట్టణములకు తరలెను; కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి వెడలెను. పెద్దల జ్ఞాపకమున 1914 నాటి పారిపోవుటయు, 1942 నాటి పారిపోవుటయు ఒకదానిలో నొకటి కలిసిపోయెను. వేరుచేయు ఉపాయము సులభమే. మాటలో ఓడయు, నూనె మంటయు ఉన్నచో మొదటిది. సైరను కూతయు, దీపములార్పుటయు ఉన్నచో రెండవది. నవరాత్రులు మొదటిదానికి గురుతు, వేసవి యెండ రెండవదానికి.

స్థల నామములయందును జాగ్రత్త వలయును. 1914 నాటి పట్టికలో మద్రాసు రాజధాని క్రింద నున్న గంజాం, 1936 ఏప్రిల్ 1 నుండి ఒరిస్సాలో చేరెను. బళ్లారి 1953 అక్టోబరు 1 న మైసూరు రాష్ట్రమున కలిసెను. నేటి రాష్ట్రము పేరుతో నాటి మనుష్యుని వెదకినచో బరంపురము, బళ్లారి తెలుగువారు పట్టికలలో కనబడక పోవుదురు.

కథ పుట్టు విధము

ఎమ్డెన్ నౌకలో చెంపకరామన్ పిళ్లె ఉండి మద్రాసుపై గుండ్లు వేయించెనను కథ విశేషముగా ప్రచారములో నున్నది. ఆయన దేశభక్తి నిస్సంశయము. అయినను దినక్రమమున చూచినచో ఈ కథ నిలువదు. ఆయన 1914 సెప్టెంబరులో స్విట్జర్లాండులోని జూరిచ్ నగరమున భారతదేశ పక్షమున సమితి నడపుచు, తరువాత బెర్లిను చేరెను. ఎమ్డెన్ ఆగస్టు తొలివారమున చైనాలోని జర్మను రేవు సింగ్‌తావును విడిచి, పసిఫిక్ ద్వీపముల మీదుగా హిందూ మహాసముద్రమున ప్రవేశించెను. ఐరోపానుండి వచ్చువానిని ఎక్కించుకొనుటకు ఆ త్రోవలో తావు లేదు. రెండు తేదీలు, రెండు స్థలములు: ఇవి చాలును. దేశభక్తునకు ఈ కథ వలన కీర్తి పెరుగదు. కథ వీగినందున తరుగదు.

తేదీ వలన కలుగు ధర్మము

ఒక రోజు అటైన నేమి, ఇటైన నేమి అని కొందరు తలంపవచ్చును. మద్రాసు శాపర్స్ అండ్ మైనర్స్ మొదలగు దళములలో చేరి మెసపొటేమియాకు పోయిన దక్షిణాది సిపాయిలలో తెలుగువారు కలరు. మరలి రానివారి యిండ్లలో ఆబ్దికము పెట్టవలసి వచ్చెను. ఆబ్దికమునకు తేదీ చాలదు, తిథి కావలెను. తిథి అర్ధరాత్రి మారునది కాదు. పగలైనను రాత్రియైనను ఏ ఘడియనైన మారును. మరణించిన దినమునకు బదులు తంతి అందిన దినమును లెక్కించిన కుటుంబము ఎన్నో తిథుల తరువాతి దినమున పిండప్రదానము చేసియుండును. తిథి తెలియనివారు మహాలయ అమావాస్యను ఆశ్రయించుట మన ఆచారము. ఒక సిపాయి మరణదినము సరిగా తేలినచో ఆ యింటికి లభించునది చరిత్రాంశము మాత్రమే కాదు. తండ్రికో తాతకో జరుగవలసిన కర్మకు సరియైన దినము.

ఇంతకంటె బాధాకరమైన సంగతి, పేర్లే లేకపోవుట. ఇరాకులోని బస్రా స్మారకమున బ్రిటిషు సైనికుల పేర్లును, భారతీయ అధికారుల పేర్లును చెక్కిరి. సామాన్య భారతీయ సిపాయిలకు దళము పేరును, మృతుల సంఖ్యయు మాత్రమే దక్కెను. ఇట్టి అసమానత జరిగినదని యుద్ధ సమాధుల సంఘమే 2021 లో ప్రకటించిన నివేదికయందు అంగీకరించెను. రాతిపై లేని పేర్లు ఇంటి పెట్టెలలోని పింఛను కాగితములలో, పతకముల అంచులపై, పాత ఉత్తరములలో మిగిలియుండవచ్చును.

కావున పరరాష్ట్రములందలి తెలుగు సంఘములు చేయదగిన పని యొకటి కలదు. ప్రతి కుటుంబమునందలి యుద్ధ కాలపు కాగితములను, మాటలను సేకరించి, ప్రతి అంశమునకు అయిదు వివరములు వ్రాయవలెను: సంఘటన తేదీ, వ్రాసిన తేదీ, ఏ ఊరి గడియారము, ఏ పంచాంగము, చెప్పినవాడు స్వయముగా చూచెనా లేక వినెనా. పొసగని రెండు మాటలు దొరికినప్పుడు ఒకదానిని కొట్టివేయక, రెండును వ్రాసి, భేదమునకు కారణము వెదకవలెను. వారమును, తిథిని గణించి సరిచూడవలెను. ఇది పండితులకే సాధ్యమైన కార్యము కాదు. తెలుగు చదువనేర్చిన ఉన్నత తరగతి బాలబాలికలు సైతము చేయగలరు. తాతల ఉత్తరములు తెలుగులోనే యున్నవి. వానిని చదువగలవారు ఇంట నుండగనే ఈ పని పూర్తికావలెను.