బాగేపల్లి సూర్యకాంతి, మా తాతల జగడం

మా ఇంట్లో పొద్దుతిరుగుడు అనే మాట నేను ఎప్పుడూ వినలేదు. బాగేపల్లి వైపు మనవాళ్ళంతా సూర్యకాంతి అనే అంటారు, బడిలో కన్నడంలోనూ అదే చదువుకున్నాను. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నవాణ్ణి, తప్పులుంటే స్వల్ప అడ్జస్ట్ చేసుకోండి.

తాత, చిన్నతాత 1997 పంట తర్వాత మాట్లాడుకోలేదన్నది మన ఇంట్లో అందరికీ తెలుసు. బెంగళూరు నుంచి హైబ్రిడ్ విత్తనం సంచి తెచ్చింది చిన్నతాత. ఆ ఏడు చేను మాడిపోయింది. "కుళ్ళు విత్తనం తెచ్చి కొంప ముంచినాడు" అని తాత చివరిదాకా అన్నాడు. ఆ మాట నిజమా కాదా అని ఎవరూ చూడలేదు. నేను చూశాను, అందుకే ఇది రాస్తున్నాను.

సూర్యకాంతి మన పంట కాదు. అమెరికాలో పుట్టి, రష్యాలో నూనెగింజగా పెరిగింది. మన దేశానికి నూనె కోసం వచ్చింది 1969 తర్వాత, సోవియట్ రకాలతో. వాటిలో పెరెడోవిక్ పేరు పెద్దవాళ్ళకు గుర్తుండొచ్చు. ఈ పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి కాబట్టి హైబ్రిడ్ చెయ్యడం కష్టం, ఒక్కో పువ్వుకు మగభాగం చేత్తో ఎవరు తీస్తారు? 1969లో ఫ్రాన్స్‌లో లెక్లెర్క్ అనే ఆయన ఒక అడవి సూర్యకాంతితో కలిపి, పుప్పొడి రాని మొక్కను సాధించాడు. మరుసటి ఏడు అమెరికాలో కిన్‌మన్ ఆ పుప్పొడిని తిరిగి తెప్పించే జన్యువున్న మొక్కను చూపించాడు. ఇవి రెండూ ఉంటే హైబ్రిడ్ విత్తనం ఎకరాల లెక్కన తియ్యొచ్చు.

ఆ పద్ధతిలో మన దేశంలో మొదటి సూర్యకాంతి హైబ్రిడ్ వచ్చింది మన బెంగళూరులోనే. వ్యవసాయ విశ్వవిద్యాలయంవాళ్ళు 1980లో విడుదల చేసిన బీఎస్‌హెచ్-1 అది. బీ అంటే బెంగళూరు. మనం హెబ్బాళ దాటి విమానాశ్రయానికి పోయేటప్పుడు పక్కన కనిపించే జీకేవీకే అదే విశ్వవిద్యాలయం. రోజూ ఆ దారిన ఆఫీసు క్యాబులో నిద్రపోతూ పోయినాను, ఏం లాభం.

బీఎస్‌హెచ్-1కు తండ్రి మొక్క ఆర్‌హెచ్ఏ-274 అనే అమెరికా రకం. దాంట్లో బూజు తెగులును ఆపే జన్యువు ఉంది. ఇట్లాంటి జన్యువులకు పీఎల్ అని పేరు పెట్టి నంబర్లు వేశారు. ఇవి ఎక్కువగా ప్రబల జన్యువులు, అంటే తల్లిదండ్రుల్లో ఒకరి దగ్గరున్నా పిల్లకు కాపు దొరుకుతుంది, హైబ్రిడ్‌కు ఇది చాలా అనుకూలం. 1984లో మహారాష్ట్ర లాతూరు వైపు బూజు తెగులు మన దేశంలో మొదటిసారి కనిపించింది. తర్వాత అక్కడే దాన్ని తట్టుకునే హైబ్రిడ్లు కూడా తీశారు. కానీ ఒక్కో జన్యువు ఆ బూజులో కొన్ని తెగలనే గుర్తు పడుతుంది. కొత్త తెగ వస్తే ఆ జన్యువు ఊరికే చూస్తూ ఉంటుంది. ఫ్రాన్స్‌లో, అమెరికాలో పదుల కొద్దీ తెగలు తేలాయి, అక్కడివాళ్ళు అడవి సూర్యకాంతుల్లోకి పోయి కొత్త జన్యువులు వెతుక్కుంటూనే ఉన్నారు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కాబట్టి నాకు ఇది బాగా అర్థమయింది. పోయిన బగ్గుకు వేసిన ప్యాచ్ కొత్త బగ్గును ఆపదు.

ఇక 1997. ఆ ఏడు సూర్యకాంతిలో ఒక కొత్త తెగులును గుర్తించారు. ఎక్కడ? అప్పటి కోలారు జిల్లా, మన బాగేపల్లి దగ్గర. ఆకు ఒక పక్కనుంచి మాడుతుంది, మాడు కాడలోకి, కాండంలోకి దిగుతుంది, పువ్వు తల వంకర తిరుగుతుంది, గింజ తాలు పోతుంది. అవ్వ చెప్పే మన చేను కథ అచ్చం ఇదే. ఇది బూజు కాదు, టొబాకో స్ట్రీక్ అనే వైరస్. మొదట వేరే వైరస్ అనుకున్నారు, ఇది తేలడానికి కొన్నేళ్ళు పట్టింది. ఆలోపలే, 2000లో, ఇదే వైరస్ పక్కనున్న అనంతపురం జిల్లాలో శెనక్కాయ మీద పడింది. రెండు లక్షల పాతికవేల హెక్టార్లలో పంట దెబ్బతింది, నష్టం 300 కోట్లు దాటిందని లెక్కగట్టారు.

వైరస్ ఎక్కడ దాక్కుంటుందంటే, కాంగ్రెస్ గడ్డిలో. ఆంధ్రావాళ్ళు దాన్ని వయ్యారిభామ అంటారు, ఎంత మంచి పేరు పెట్టారో చూడండి. ఆ గడ్డి పైకి ఏమీ కానట్టే ఉంటుంది, కానీ దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. గాలికి, తామర పురుగుల ఒంటికి అంటుకుని ఆ పుప్పొడి మన ఆకు మీద పడుతుంది, పురుగు గీకిన గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. మన గట్లనిండా అప్పుడూ ఆ గడ్డే, ఇప్పుడూ ఆ గడ్డే.

విత్తనం ద్వారా ఇది సూర్యకాంతికి వస్తుందా అని పరీక్షలు చేశారు. రాలేదు. బూజుకు పనిచేసే పీఎల్ జన్యువులు దీనికి పనికిరావు, సాగులో ఉన్న రకాల్లో దీనికి గట్టి నిరోధం దొరకలేదు. అంటే ఆ ఏడు చిన్నతాత ఏ సంచి తెచ్చినా చేను నిలిచేది కాదు.

తర్వాత సూర్యకాంతి మన దగ్గరే కాదు, దేశమంతా తగ్గింది. 2005-06లో దేశంలో 23 లక్షల హెక్టార్లకు పైన ఉన్నది ఇప్పుడు మూడు లక్షలు కూడా లేదు. అంతా తెగులు వల్లే కాదు, దిగుమతి నూనె, ధర రెండూ కలిశాయి. మన ఇంట్లో మాత్రం 1997 తర్వాత ఎవరూ వెయ్యలేదు.

తాత పోయి చాలా ఏళ్ళయింది, ఆయనకు చెప్పే అదృష్టం లేదు. పోయిన నెల ఊరికి పోయినప్పుడు చిన్నతాతకు ఇదంతా చెప్పాను. విత్తనం తప్పు కాదంటే ఏమైనా అంటాడేమో అనుకున్నా. ఆయన చాలాసేపు ఊరుకుని, "మరి ఏం చేసుంటే నిలిచేది?" అని అడిగాడు. గట్టుమీది కాంగ్రెస్ గడ్డి పువ్వు రాకముందే పీకెయ్యాలి, చేను చుట్టూ మూడు నాలుగు సాళ్ళు జొన్న ఒత్తుగా వెయ్యాలి, పుప్పొడిని, పురుగును జొన్న కొంతవరకు అడ్డుకుంటుంది అన్నాను.

"జొన్న వేద్దామనే అన్నాడు మీ తాత," అన్నాడు చిన్నతాత. "నేనే వద్దన్నా, స్థలం దండగ అని."