జూలై రెండో ఆదివారం, యెజ్డీ వెనక సీటు మీద

నా వెనక కూర్చోండి. పాదం కాస్త పైకి పెట్టుకోండి, కింద సైలెన్సర్ ఉంది, వేడెక్కితే చెప్పు అంటుకుంటుంది. రెండో పాదానికీ అదే జాగ్రత్త. యెజ్డీ 250కి సిలిండర్ ఒకటే అయినా సైలెన్సర్లు రెండు, చెరోపక్కా ఒకటి.

ఉదయం ఐదున్నర. విశాఖ ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ దగ్గర రోడ్డు రాత్రి పడ్డ జల్లుకి ఇంకా తడిగానే ఉంది. మామూలు రోజుల్లో ఈ వేళకి కనిపించేది ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి హాస్టల్ అడ్రసు వెతుక్కునే పిల్లలూ, చంకలో పుస్తకాలతో కోచింగ్‌కి పరుగెత్తేవాళ్లూ. ఇవాళ టీకొట్టు ముందు వరసగా స్టాండేసి ఉన్నవి జావాలూ, యెజ్డీలూ. ముదురు ఎరుపు ట్యాంకు, దాని మీద మెరిసే క్రోమియం, పక్కన నల్ల యెజ్డీ రోడ్‌కింగ్. గాలిలో టీ వాసన కన్నా టూటీ ఆయిల్ వాసనే ఎక్కువ. ఏటా జూలై రెండో ఆదివారం అంతర్జాతీయ జావా యెజ్డీ దినం. ఇదే పొద్దుటిపూట మైసూరులో, బెంగళూరులో, హైదరాబాద్‌లో, పుణెలో ఇలాంటి టీకొట్ల ముందే ఇలాగే పొగ లేస్తూ ఉంటుంది.

ఒకాయన తన జావాని నిద్రలేపుతున్నారు, చూడండి. గేర్ రాడ్డుని లోపలికి నొక్కి పైకి తిప్పారు. అదే ఇప్పుడు కిక్ రాడ్. ఒక్క రాడ్డుతో రెండు పనులు. కార్బురేటర్ మీది చిన్న బొడిపెను పెట్రోలు చెమర్చేదాకా వేలితో నొక్కారు. ఒక కిక్కు. రెండు. మూడోదానికి ముందు గొంతు సవరించుకున్నట్టు ఒక శబ్దం, ఆ వెంటనే టంగ్ టంగ్ టంగ్ అంటూ రెండు గొట్టాల్లోంచి నీలిపొగ. మేడమీద కిటికీ తెరిచి ఒక పెద్దాయన తొంగిచూశారు. తిడతారేమో అనుకున్నాం. "ఏ సంవత్సరం బండండీ?" అని అడిగారు.

మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961లో మొదలైంది. రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీ చెకోస్లోవాకియా నుంచి జావా పరిజ్ఞానం తెచ్చారు. 1973లో బండి పేరు యెజ్డీ అయింది, 1978లో రోడ్‌కింగ్ వచ్చింది, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. అంటే ఈ వరసలో చివరగా పుట్టిన పాత బండికి కూడా ముప్పై ఏళ్లు దగ్గరపడ్డాయి. షోరూం లేదు, వారంటీ లేదు, ఫోన్ చేస్తే ఎత్తే సర్వీస్ సెంటర్ లేదు. అయినా ఇన్ని బండ్లు ఇక్కడికి తమ చక్రాల మీదే వచ్చాయి.

ఇటుపక్క నిలబడ్డవాళ్లని గమనించండి. షిప్‌యార్డులో ఫిట్టర్‌గా రిటైరైన ఆయన, పోర్టులో క్రేన్ నడిపిన ఆయన, సాఫ్ట్‌వేర్ కుర్రాడు, బ్యాంకు ఉద్యోగిని, స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ దిగి గాజువాక నుంచి తిన్నగా ఇటే వచ్చేసిన మనిషి. చివర్న ఆగి ఉన్న రెండు కొత్త జావాలు ఫోర్ స్ట్రోక్ బండ్లు, 2018లో ఆ పేరు మళ్లీ మార్కెట్లోకి వచ్చాక కొన్నవి. వాటిని మా జట్టులో కలుపుకోవాలా వద్దా అని మాలో చాలాకాలం వాదన నడిచింది. పొగ రాని బండి జావా ఎలా అవుతుందని కొందరు. ఇవాళ కొత్త బండి కొన్నవాడే రేపు పాత బండి వెతుక్కుంటూ వస్తాడని ఇంకొందరు. నేను రెండో పక్షం. తలుపు తెరిచి ఉంచకపోతే ఈ బండ్లు మాతోనే అయిపోతాయి.

ముందు ఆశీలుమెట్ట. విశాఖలో ఏ బండి కొన్నా మొదటి పూజ సంపత్ వినాయకుడి గుడి ముందే. పక్కన కొత్త కారుకి రిబ్బన్లు కడుతుంటే, మా వరసలో తాత వయసు బండ్లకి కూడా పంతులుగారు అదే శ్రద్ధతో బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టారు.

గట్టిగా పట్టుకోండి, బయల్దేరుతున్నాం. ఆర్కే బీచ్ రోడ్డు పొద్దుటిపూట నడిచేవాళ్లకి వదిలేస్తారు కాబట్టి సిరిపురం, పెదవాల్తేరు మీదుగా దిగుతాం. నా ఎడమచెయ్యి చూడండి, క్లచ్ లివర్ని పట్టుకోలేదు. కాలితో గేర్ నొక్కితే క్లచ్ దానంతటదే విడుతుంది. లాసన్స్‌బే దాటి తెన్నేటి పార్కు దగ్గర మలుపు తిరగ్గానే కుడిచేతివైపు ఒక్కసారిగా సముద్రం. జూలై కదా, అలలు ఎత్తుగా, నీళ్లు బురదరంగులో ఉన్నాయి. ఎడమవైపు కైలాసగిరి కొండ. ఆ కొండకి తగిలి మా బండ్ల మోత మళ్లీ మా మీదికే వస్తోంది. పెదాలు తడుముకుంటే ఉప్పు. ఈ ఉప్పుగాలే మా బండ్లకి అసలు శత్రువు. క్రోమియం కింద చెమ్మ చేరిందంటే రెండు వానాకాలాల్లో రేకు పొక్కులు తేలుతుంది.

సాగర్‌నగర్ దాటాక ముందున్న రోడ్‌కింగ్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఒక్కో బండీ పక్కకి తీసి నిలబడింది. ముందుకెళ్లినవాళ్లూ వెనక్కి తిరిగొచ్చారు.

"ఏటయ్యింది బాబూ?" ఫిట్టర్ గారు అడిగారు.

"కరెంటు రావట్లేదండీ." కుర్రాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. బండి వాళ్ల తాతగారిది.

దగ్గరికి రండి, ఇది చూడాలి. ప్లగ్ ఊడదీసి, వైరు తగిలించి, సిలిండర్ రెక్కలకి ఆనించి కిక్ కొట్టారు. నీలంగా టప్పున దూకాల్సిన నిప్పురవ్వ ఎర్రగా, నీరసంగా మినుకుమంది. పక్క కవర్ విప్పితే పాయింట్ల మీద చిన్న గుంట, అంచున నల్లటి మసి. "కండెన్సర్ పోయింది," అన్నారాయన. తన సీటు కిందనుంచి స్టీలు డబ్బా తీశారు. అందులో పాత న్యూస్‌పేపర్లో చుట్టిన కండెన్సర్లు, బుష్షులు, చిన్న స్ప్రింగులు. ఎమ్రీ పేపరు మడిచి పాయింట్ల మధ్య నాలుగుసార్లు లాగారు. కొత్త కండెన్సర్ బిగించి, గ్యాప్ కొలవడానికి జేబులోంచి విజిటింగ్ కార్డు తీశారు. గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు ఉండాలి, కార్డు ముక్క ఇటూ అటూ కాస్త రాసుకుంటూ కదిలితే లెక్క సరిపోయినట్టే. అంతసేపూ ఒకరు టార్చి పట్టారు. స్క్రూలు అందుకోడానికి బ్యాంకు ఉద్యోగిని చెయ్యి చాపి నిలబడింది.

"ఎంతివ్వమంటారండీ?"

"డబ్బులొద్దు గానీ, ఇలా కూకో. ఇప్పుడు నువ్వు విప్పి మళ్లీ బిగించు."

ఇంకో పావుగంట పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఈ జట్టులో సభ్యత్వమంటే నాకు తెలిసింది ఇదే. ఈ బండి ఒంటరి మనిషి చేతిలో బతకదు. ఒకరి దగ్గర పిస్టన్ ఉంటుంది, ఇంకొకరి దగ్గర దాని కొలత ఉంటుంది, ఆటోనగర్‌లో లేత్ మీద ఆ కొలతకి బుష్షు తీసేవాడి ఫోన్ నంబరు మూడో మనిషి దగ్గర ఉంటుంది. ఇంగ్లండులో ఎంజీ స్పోర్ట్స్ కార్ల సొంతదారులు 1930లోనే క్లబ్బు పెట్టుకున్నారు. అబింగ్‌డన్‌లో ఆ కార్ల ఫ్యాక్టరీ 1980లో మూతపడింది, క్లబ్బు మాత్రం నడుస్తూనే ఉంది. మైసూరు ఫ్యాక్టరీ మూతపడ్డాక మా బండ్లూ ఆ దారినే బతుకుతున్నాయి.

మళ్లీ బయల్దేరాం. మీ ముందు వెళుతున్న ఎర్ర జావా ట్యాంకు మీద సొట్ట కనిపిస్తోందా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకి పడిన చెట్టు గుర్తు అది. మిగతాదంతా బాగుచేయించిన ఆయన ఆ సొట్ట మాత్రం తీయించలేదు. ఆయన బండి యాభై ఏళ్లు దాటింది, 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల కిందికి వస్తుంది. ఆ కింద నమోదు చేయిస్తే ప్రదర్శనకీ, ర్యాలీకీ, పెట్రోలుకీ, రిపేరుకీ తప్ప మామూలుగా రోడ్డెక్కించకూడదు. ఆయన చేయించలేదు. రోజూ రైతుబజారుకి దానిమీదే వెళతారు. నాకూ అదే న్యాయమనిపిస్తుంది. కూరగాయల సంచీ మోయని బండి ఎంత మెరిస్తే ఏం లాభం?

రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట ఇసుకలో వరసగా పడవలు, ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. చినుకులు మొదలయ్యాయి. ఇక భీమిలి. కాళ్లు జాగ్రత్తగా దించండి, సైలెన్సర్లు ఇప్పుడు నిప్పులా ఉన్నాయి.

హోటల్లో మూడు బల్లలు కలిపేశారు. ఇడ్లీలు రాకముందే కాగితం తిరగడం మొదలైంది. ఎవరికి ఎన్ని హెడ్ గ్యాస్కెట్లు, ఎవరి బోరుకి ఏ సైజు పిస్టన్, అన్నీ రాసి ఒకేసారి ఆర్డరిస్తే రేటు దిగుతుంది. కుర్రాడు నల్లబడ్డ వేళ్లతో పెన్ను అందుకుని "కండెన్సర్లు, రెండు" అని రాశాడు. ఒకటి తిరిగివ్వడానికా అని ఫిట్టర్ గారు అడిగితే, "రెండూ నా డబ్బాలోకేనండీ, మీకు వేరే రాస్తాను," అని ఇంకో వరస మొదలుపెట్టాడు.