ఉప్పుకి సున్నా, వజ్రానికి ఒకటి

ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో గ్రూప్ థియరీ అంటే పిల్లలకి హడల్. వనపర్తిలో నా దగ్గర ఆ పేపర్ చెప్పించుకోడానికి గద్వాల నుంచీ నాగర్‌కర్నూల్ నుంచీ కూడా వస్తారు. క్యారెక్టర్ టేబుళ్లు బట్టీ పడతారు, పరీక్ష రాస్తారు, మర్చిపోతారు. ఇదంతా ఎక్కడో యూరప్‌లో పుట్టి మన నెత్తిన పడిన చదువని వాళ్ల నమ్మకం. సగం నిజమే. స్ఫటికాలకి సంబంధించి ఒక ముఖ్యమైన ముక్క మాత్రం వాల్తేరులో తయారైంది. తయారుచేసినాయన సూరి భగవంతం.

ఆయన 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. డిగ్రీ మాత్రం హైదరాబాద్ నిజాం కాలేజీలో. అప్పటి నిజాం రాజ్యంలో పైచదువుకి రెండు దారులు. 1918లో మొదలైన ఉస్మానియాలో సైన్స్‌తో సహా చదువంతా ఉర్దూలో. నిజాం కాలేజీ 1947 దాకా మద్రాసు యూనివర్సిటీ కింద ఉండేది, అక్కడ ఇంగ్లీషు. గద్వాల, వనపర్తి సంస్థానాల్లో తెలుగు మాట్లాడుకునే ఇళ్లకి రెండూ పరాయి భాషలే. భగవంతాన్ని ఇంగ్లీషు దారి 1928లో కలకత్తాకి, రామన్ దగ్గరికి చేర్చింది. రామన్ ఎఫెక్ట్ బయటపడిన ఏడాది అది. 1932లో ఆంధ్ర యూనివర్సిటీకి వచ్చారు.

అక్కడ టి. వెంకటరాయుడుతో కలిసి 1939లో ఒక పేపర్ రాశారు. స్ఫటికం అంటే ఒకే అమరిక మళ్లీ మళ్లీ రావడం. గద్వాల చీర అంచులో ఒక కోటకొమ్మ తెలిస్తే అంచు మొత్తం తెలిసినట్టే కదా, అలాగే ఇక్కడ కూడా ఒక చిన్న గడి తెలిస్తే చాలు. ఆ గడిలో అణువులు ఎన్ని రకాలుగా కంపిస్తాయి, వాటిలో రామన్ వర్ణపటంలో కనిపించేవెన్ని? సౌష్ఠవాన్ని బట్టి ముందే లెక్కపెట్టే పద్ధతి వీళ్లిద్దరూ చూపించారు.

ఉప్పు తీసుకోండి, వజ్రం తీసుకోండి. రెండిటిలోనూ అతిచిన్న గడిలో రెండేసి పరమాణువులు. రెండూ ఘనాకార వర్గమే. అయినా ఉప్పుకి మొదటి శ్రేణి రామన్ గీత ఒక్కటీ రాదు. వజ్రానికి ఒక్కటే వస్తుంది, 1332 దగ్గర, చాలా గట్టిగా. ఉప్పులో ప్రతి పరమాణువూ ఒక సౌష్ఠవ కేంద్రం మీదే కూర్చుంది. వజ్రంలో ఆ కేంద్రం రెండు కార్బన్‌ల మధ్యన ఉంటుంది. తేడా అంతే. పరికరం ముట్టకుండానే కాగితం మీద తేలిపోతుంది. ఇది చెప్పిన రోజు క్లాసులో బట్టీ ఆగుతుంది. "సార్, ఇంకోటి చెప్పండి" అంటారు.

ఆ పద్ధతిని పుస్తకంగా 1948లో ఆంధ్ర యూనివర్సిటీయే అచ్చేసింది. తర్వాత ఆయన జీవితం ఎక్కువగా కుర్చీల్లో గడిచింది: 1952 నుంచి 57 దాకా ఉస్మానియా వైస్ ఛాన్సలర్, ఆపైన బెంగళూరు ఐఐఎస్సీ డైరెక్టర్, ఆ తర్వాత రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. ఇన్ని పదవుల మధ్య కూడా 1966లో స్ఫటిక సౌష్ఠవం మీద ఇంకో పుస్తకం తెచ్చారు. సౌష్ఠవం బాగా తక్కువైన స్ఫటికానికి 21 స్థితిస్థాపక స్థిరాంకాలు కావాలి, ఘనాకారానికి 3 చాలు. ఎందుకో వివరించే శాస్త్రం అది. ఆయన్ని తల్చుకునేవాళ్లు పదవులే చెప్తారు. నాకు మాత్రం ఆ లెక్కే ఆయన అసలు జీవితం అనిపిస్తుంది.

మా వనపర్తి రాజాగారి ప్యాలెస్ 1959లో పాలిటెక్నిక్ అయింది. 2008లో పాలమూరు యూనివర్సిటీ వచ్చింది, గద్వాలలో, వనపర్తిలో పీజీ సెంటర్లు పెట్టారు. చదువు ఇంటి దగ్గరికి వచ్చింది, మంచిదే. కానీ ఆ చదువులో మన భాషవాళ్లు చేసిన పని ఊరూ పేరూ లేకుండా వస్తోంది. వాల్తేరులో అచ్చయిన లెక్కని పాలమూరు పిల్ల పరాయి సొమ్ములా మోస్తోంది. తనలాంటి తెలుగు ఇంట్లో పుట్టిన మనిషే ఇది చేశాడని తెలిస్తే, పాసవడంతో ఆగకుండా తను కూడా ఒక లెక్క వేసి చూద్దామనుకోదా?

అందుకే ఆ చాప్టర్ మొదలుపెట్టేటప్పుడు బోర్డు మీద ముందు రెండు పేర్లు రాస్తాను: భగవంతం, వెంకటరాయుడు. తెలుగులోనే.